టి-55 మీద తెల్లపొర, నారింజ తుప్పు, రాలిపోయే బురద: డెల్టాలో కూర్చుని ట్యాంకు మోడల్‌కి రంగులేసే తమ్ముడికి

పాలకొల్లు నుంచి అడిగిన తమ్ముడి ప్రశ్న ఇదండి. 1/35 సైజు (అసలులో ముప్పై ఐదో వంతు) టి-55 అనే సోవియట్ ట్యాంకు ప్లాస్టిక్ కిట్ కట్టారు. ఎయిర్‌బ్రష్‌తో ఆకుపచ్చ వేశారు. 1971లో తూర్పు వైపు, బంగ్లాదేశ్ యుద్ధంలోకి వెళ్లిన మన ట్యాంకులా చూపించాలని కోరిక. ముసురు పట్టిన రోజున మ్యాట్ వార్నిష్ కొడితే పైన తెల్లటి పొర తేలింది. సీసాలో దొరికే తుప్పు రంగు పూస్తే ట్రాకులు మొత్తం నారింజ రంగుకి తిరిగాయి. చేలో మట్టి తెచ్చి ఫెవికాల్‌తో కలిపి పూస్తే ఆరాక నెర్రెలిచ్చి పెచ్చులూడింది. "ఎంత చేసినా బొమ్మలాగే ఉంది, ఎక్కడ పోతోంది?" అని అడిగారు.

తెల్లపొర సంగతి వేరు, అది వాతావరణం చేసిన పని. తుప్పు, బురద దగ్గర పోయింది మాత్రం ఒకటే. ట్యాంకు మీద ఉన్న ప్రతి మరకా ఎక్కడినుంచో వచ్చి ఉండాలి. వాన కారితే వచ్చిందా, బూటు తగిలి వచ్చిందా, చక్రం ఎగజిమ్మితే వచ్చిందా, ఇంజిను వేడికి వచ్చిందా? జవాబు చెప్పలేని మరకని చూసేవాడి కన్ను నమ్మదు. ఎందుకు నమ్మట్లేదో వాడికీ తెలియదు, "బొమ్మలా ఉంది" అనేస్తాడు. ఈ విషయంలో మనకి హైదరాబాదు, బెంగళూరు వాళ్ల కంటే అదృష్టం ఎక్కువ. ట్రాకుల మీద నడిచే యంత్రం, దమ్ము చేసిన చేను, ఉప్పుగాలికి తిన్న ఇనుము, మూడూ మన ఊరి పొలిమేరలోనే దొరుకుతాయి. యూట్యూబ్‌లో చూసేవాళ్లు వాళ్ల దేశపు మట్టి చూసి రంగులేస్తున్నారు. వాళ్ల పద్ధతి నేర్చుకోండి, వాళ్ల రంగు మాత్రం తెచ్చుకోకండి.

ముందు తెల్లపొర సంగతి తేల్చేద్దాం, అది సులువు. లాకర్ వార్నిష్‌లోని సాల్వెంట్ చాలా వేగంగా ఆవిరైపోతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పట్టి వార్నిష్ పొరలోనే ఇరుక్కుంటుంది. ముసురు రోజున, వాయుగుండం పట్టినప్పుడు, తెల్లవారుజామున, సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి తిరిగాక, మన దగ్గర ఇది జరిగి తీరుతుంది. ఇంకో రకం తెల్లదనం కూడా ఉంది. మ్యాట్ వార్నిష్‌లో మెరుపు చంపడానికి వేసే పొడి సీసా అడుక్కి దిగిపోతుంది. సరిగ్గా కలపకుండా వాడినా, ఒకేసారి మందంగా కొట్టినా ఆ పొడే మూలల్లో తెల్లగా పేరుకుంటుంది. రెండింటికీ ఒకటే పరీక్ష చెయ్యండి. తడి వేలు తెల్లగా ఉన్నచోట రాయండి. తడిగా ఉన్నంతసేపు కింది ఆకుపచ్చ కనపడి, ఆరగానే మళ్లీ తెల్లబడితే మీ రంగుకి ఏమీ కాలేదు. బాగా ఎండ కాసిన రోజున, పది గంటల తర్వాత, పల్చగా గ్లాస్ కోటు (మెరిసే వార్నిష్) కొట్టండి, చాలావరకు పోతుంది. టామియా కంపెనీ మెరిసే వార్నిష్ ఎక్స్-22ని లెవెలింగ్ థిన్నర్‌తో కలిపి కొడితే ఇంకా మంచిది, ఆ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ఉంటుంది. ఎలాగూ తర్వాత వాష్ (సందుల్లోకి పాకేలా బాగా పల్చన చేసిన ముదురు రంగు) వెయ్యడానికి గ్లాస్ కోటు కావాలి కాబట్టి ఈ పని వృథా పోదు.

కంప్రెసర్‌కి నీళ్ల ట్రాప్ లేకపోతే ఈ నెలలోనే కొనండి. రాజస్థాన్‌లో కూర్చున్నవాడికి అది ఉన్నా లేకపోయినా ఒకటే. మనకి కాదు. గాలిని నొక్కితే అందులోని తేమ నీరై గొట్టంలోంచి వచ్చి పెయింటు మీద చుక్కలుగా పడుతుంది. ట్యాంకు ఉన్న కంప్రెసరైతే పని అయ్యాక అడుగు బిరడా తిప్పి నీళ్లు వదిలెయ్యండి. ప్రెజర్ 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య చాలు. లాకర్, థిన్నర్ వాడే గదిలో కిటికీ తెరిచి, కార్బన్ మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు.

ఇక తుప్పు. ఇక్కడే ఎక్కువ చెప్పాలి.

ఈసారి మీ వైపు చేపల చెరువు తవ్వుతున్న పొక్లెయిన్ కనపడితే బండి ఆపి దాని కాళ్లు చూడండి. ఆపరేటర్ టీకి వెళ్లినప్పుడు దగ్గరగా వెళ్లి, కింద కూర్చుని చూడండి. ట్రాక్ పలకల మీద నేలకి గుచ్చుకునే గట్లు ఉంటాయి కదా, వాటి అంచులు తెల్లగా, వెండిలా మెరుస్తుంటాయి. లోపల రోలర్లు నడిచే పట్టా కూడా అరిగి నున్నగా మెరుస్తుంది. పలకకీ పలకకీ మధ్య సందుల్లో, గట్టుకీ గట్టుకీ మధ్య గుంటల్లో ఎండిన బూడిదరంగు మట్టి. ఏదీ రాసుకోని చోట, అంటే పలకల చివర్లు, పిన్నుల తలకాయల దగ్గర ముదురు గోధుమ రంగు, దాదాపు నలుపు. నారింజ రంగు వెతికినా దొరకదు. అదే యంత్రం వానలో రెండ్రోజులు కదలకుండా ఉంటే ఆ మెరిసే అంచుల మీదే పల్చగా పచ్చటి నారింజ పొర ఎక్కుతుంది, మళ్లీ చెరువు గట్టు మీద రెండు చక్కర్లు కొట్టగానే ఊడిపోతుంది. అంటే నారింజ రంగు ఆగిపోయిన బండికి గుర్తు. మీ టి-55 యుద్ధంలో నడుస్తోంది.

సోవియట్ ట్యాంకు ట్రాకుల్ని మాంగనీసు ఎక్కువగా ఉన్న ఉక్కుతో పోత పోసేవారు. అది ముదురు గోధుమ రంగుకి తిరిగి అలాగే ఉండిపోతుంది. పొక్లెయిన్‌కీ టి-55కీ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. పొక్లెయిన్ రోలర్లు ఉక్కువి, టి-55 చక్రాలకి రబ్బరు ఉంటుంది. అందుకే టి-55 ట్రాక్ లోపలి వైపు పొక్లెయిన్ అంతలా మెరవదు, చక్రం నడిచే దారి కాస్త నునుపు దేలుతుంది, అంతే. మెరిసేది మధ్యలో నిలబడే పళ్ల పక్కలు. అవి చక్రాల మధ్య నలుగుతుంటాయి కాబట్టి. వెనక ఉన్న స్ప్రాకెట్ పళ్లు కూడా మెరుస్తాయి, ట్రాక్‌ని లాగేది అవే.

చేసే పద్ధతి ఇదండి. ట్రాక్ మొత్తానికి ముందు నలుపు, ఎర్ర గోధుమ కలిపి కొట్టండి. టామియాలో ఎక్స్ఎఫ్-1, ఎక్స్ఎఫ్-64 సగం సగం సరిపోతాయి. ఆరాక బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగుని బాగా పల్చన చేసి సందుల్లోకి వదలండి. మీరు కొన్న నారింజ తుప్పు సీసాని పారెయ్యక్కర్లేదు. అందులో కొద్దిగా ముదురు గోధుమ కలిపి, స్పాంజి ముక్కతో అక్కడక్కడా తాకించండి, ఒకదాని పక్కన ఒకటి ఒకేలా పడకుండా. తర్వాత మట్టి పని, దాని గురించి కింద చెప్తాను. మెరుపు అన్నిటికంటే చివర. దానికి లోహపు రంగు కొనకండి. 6బీ పెన్సిల్ తీసుకుని, ములుకు పక్కకి వాల్చి, నేలకి తగిలే అంచుల మీద, పళ్ల పక్కల మీద రుద్దండి. గ్రాఫైట్ మెరుపు ఉక్కు మెరుపుకి దగ్గరగా ఉంటుంది. సిల్వర్ పెయింటు ఎంత జాగ్రత్తగా వేసినా అల్యూమినియంలా కనపడుతుంది.

ట్రాకుల సంగతి అయింది, ఇక బండి పైన తుప్పు ఎక్కడ పట్టాలో ఆలోచించండి. టి-55కి ఎగ్జాస్ట్ ఎడమ ఫెండర్ (ట్రాక్ పైన కప్పే రేకు) మీద వెనక వైపు ఉంటుంది. వేడికి అక్కడ పెయింటు నిలవదు, కాబట్టి ఆ ట్యాంకు మొత్తంలో నిజంగా తుప్పు పట్టాల్సిన చోటు అదే. అక్కడ మీ సరదా తీర్చుకోండి. అడుగున ముదురు గోధుమ, దాని మీద బర్న్ట్ సియన్నా, ఆపైన కొద్ది చోట్ల నారింజ, ఎల్లో ఓకర్ కలిపిన చుక్కలు, చివరగా గొట్టం నోటి చుట్టూ నల్ల మసి. ముదురు నుంచి లేతకి రావాలి. తుప్పు కూడా అలాగే పడుతుంది, పాతది నల్లబడి కింద ఉంటుంది, కొత్తది పైన ఉంటుంది. ఫెండర్లు పల్చటి రేకు. అవి వంగుతాయి, అంచులు తుప్పు పడతాయి. టరెట్ (ఫిరంగి ఉన్న, తిరిగే పై భాగం), ముందు పలక అలా కాదు, అవి మందపు కవచం. అక్కడ పెయింటు లేచిపోయినా ముదురు గోధుమ మచ్చలే ఉంటాయి, తుప్పు తిని చిల్లులు పడవు.

కారిన మరకలు నేర్చుకోవాలంటే నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి దాటించే పంటుని మించిన పాఠం నాకు కనపడలేదు. పంటు పక్కభాగం మీద వెల్డింగు గీత దగ్గరో, నీళ్లు పోయే రంధ్రం కిందో తుప్పు మొదలవుతుంది. మొదలైన చోట ముదురుగా, కాస్త వెడల్పుగా ఉండి, కిందికి పోయే కొద్దీ సన్నబడి, లేతబడి, ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టు కలిసిపోతుంది. పక్కపక్కనే ఉన్న రెండు చారలు ఒకే పొడవు ఉండవు. ఇదే మీ మోడల్ మీదికి తేవాలంటే బోల్టు కిందో, పనిముట్లు బిగించే క్లాంపు కిందో ఆయిల్ రంగుతో చిన్న గీత పెట్టి, పావుగంట ఆగి, టర్పెంటైన్‌లో ముంచి గుడ్డకి తుడిచేసిన చదును కుంచెతో పై నుంచి కిందికి లాగండి. ఎక్కువైందనిపిస్తే మళ్లీ తుడవండి. ఆయిల్ రంగులో ఉన్న సుఖం అదే, తొందరపెట్టదు. టి-55 టరెట్ బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంటుంది కాబట్టి చార కూడా ఆ వంపు వెంటే దిగాలి, నిట్టనిలువుగా కాదు. చాలామంది దొరికిపోయేది ఇక్కడే.

పెయింటు లేచిన మచ్చల గురించి రెండు మాటలు. ప్యాకింగులో వచ్చే నురగ స్పాంజిని చింపి (కత్తిరించకండి, అంచు సమానంగా వస్తుంది), ముందు మీ ఆకుపచ్చనే కొంచెం లేత చేసి తాకించండి. అది పైపైన గీసుకున్న పెయింటు. ఆ మచ్చల్లో కొన్నిటి మధ్యలో మాత్రం ముదురు గోధుమ పెట్టండి. వాలెహో కంపెనీ 70.822 నంబరు రంగు ఈ పనికి చాలామంది వాడతారు, లేదంటే నలుపు, గోధుమ మీరే కలుపుకోండి. ఎక్కడ? డ్రైవరు ముందు ఎడమ వైపు కూర్చుంటాడు, అతని మూత చుట్టూ. టరెట్ మీద కమాండరు ఎడమ, లోడరు కుడి, వాళ్ల మూతల అంచులు. వాళ్లు ఎక్కేటప్పుడు కాలు పెట్టే ఫెండరు. సామాన్ల పెట్టెల మూతలు. ఎవరూ తాకని టరెట్ పక్కల్లో బోలెడు మచ్చలు పెట్టారంటే ఎవరో సుత్తి పట్టుకుని కొట్టినట్టు ఉంటుంది. హెయిర్ స్ప్రే పద్ధతి కూడా ఉంది. తుప్పు రంగు మీద హెయిర్ స్ప్రే కొట్టి, ఆరాక పైన ఆక్రిలిక్ ఆకుపచ్చ వేసి, గంటలోపు నీళ్లతో తడిపి గట్టి కుంచెతో రుద్దితే పై రంగు లేస్తుంది. ఎడారి బండికో, తెల్ల సున్నం పూసిన చలికాలపు బండికో అది అద్భుతం. మీ బండికి అంత అవసరం లేదు.

వాష్‌లు ఎప్పుడూ గ్లాస్ కోటు మీదే వెయ్యండి. మ్యాట్ ఉపరితలం దాన్ని పీల్చేసుకుని మరకలు మరకలుగా అయిపోతుంది. నునుపు మీదైతే కుంచె మొన తాకించగానే ముదురు రంగు గీతల వెంట, బోల్టుల చుట్టూ దానంతటదే పాకుతుంది. స్టేషనరీ షాపులో దొరికే కామెల్ ఆయిల్ రంగులు చాలు. బర్న్ట్ అంబర్, రా అంబర్, బర్న్ట్ సియన్నా, ఎల్లో ఓకర్, నలుపు, తెలుపు, ఈ ఆరు గొట్టాలు ఉంటే ఏ ట్యాంకైనా అయిపోతుంది. వాడే ముందు కాస్త రంగుని అట్టముక్క మీద వేసి కొన్ని గంటలు వదిలెయ్యండి. అవిసె నూనె అట్టలోకి దిగిపోయి రంగు మెరవకుండా, తొందరగా ఆరుతుంది. అయినా సరే, వానాకాలంలో ఒక పూతకీ ఇంకో పూతకీ మధ్య రెండు మూడు రోజులు వదలండి. హార్డువేర్ షాపు టర్పెంటైన్ వాడచ్చు గానీ ఒక ప్రమాదం ఉంది. పెయింటు పడని ప్లాస్టిక్ అతుకుల్లోకి అది ఎక్కువగా దిగితే ప్లాస్టిక్ పెళుసెక్కి చిట్లిపోతుంది. చక్రాల ఇరుసులు, బిగుతుగా వంచి అతికించిన ట్రాక్ ముక్కలు ముందు పోతాయి. అడుగు భాగం కూడా ప్రైమరు వేసి ఉందో లేదో చూసుకోండి, వాష్‌ని చెరువు కట్టించకండి.

ఇక్కడినుంచి మీ కథలోకి. 1971లో తూర్పున భారత సైన్యం టి-55లూ, తేలికపాటి పీటీ-76లూ వాడింది. 1971 నవంబరు 21న గరీబ్‌పూర్ దగ్గర 45 కావల్రీ రెజిమెంటుకి చెందిన 14 పీటీ-76లు, 14 పంజాబ్ దళంతో కలిసి, పొగమంచులో పాకిస్తాన్ చాఫీ ట్యాంకుల్ని ఎదుర్కొన్నాయి. ఆ స్క్వాడ్రన్‌ని నడిపిన మేజర్ దల్జీత్ సింగ్ నారగ్ అక్కడే చనిపోయారు, ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. ఈ తేదీ మీకెందుకంటే, యుద్ధం నడిచింది నవంబరు, డిసెంబరు నెలల్లో, గంగ, బ్రహ్మపుత్ర డెల్టాలో. మన సార్వా కోతల రోజులు గుర్తు తెచ్చుకోండి. వానలు వెనకబడతాయి, పుంత దారుల్లో దుమ్ము లేస్తుంది, చేను లోపల ఇంకా కాలు దిగుతుంది, కాలువ గట్టు పక్కన బురద ఆరనే ఆరదు. మీ ట్యాంకు మీదా అదే ఉండాలి. పైన దుమ్ము, మధ్యలో ఆరిన మట్టి, కింద తడి బురద. జులై నెల దమ్ములోంచి లేచి వచ్చినట్టు నిలువెల్లా బురద పూస్తే నెల తప్పినట్టే. అదే యుద్ధంలో రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా ట్యాంకు చేసేవాడికి బురదే ఉండదు, లేత పసుపు ఇసుక దుమ్ము తప్ప.

మీరు పూసిన మట్టి ఎందుకు రాలిందంటే, మన నల్ల బంకమట్టి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. ఎండాకాలంలో చేను నెర్రెలు విచ్చేది అందుకే, మీ ఫెండరు మీదా అదే జరిగింది. పైగా రొయ్యల చెరువు పక్క మట్టయితే ఉప్పు ఉంటుంది. అది గాలిలో తేమని లాగుతూ ఉంటుంది, ఆరినప్పుడు తెల్లగా పూస్తుంది. సైజు కూడా లెక్కపెట్టండి. 1/35లో ఒక మిల్లీమీటరు ఇసుక రవ్వ మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి. చేతికి మెత్తగా తగిలిన మట్టి కూడా మోడల్ మీద కంకర కుప్పే.

అలాగని మన మట్టిని వదిలెయ్యమనను, ఆ రంగు ఏ సీసాలోనూ రాదు. ఎండిన గడ్డని చితక్కొట్టి బకెట్ నీళ్లలో బాగా కలపండి. ఒక్క నిమిషం ఆగితే ఇసుక, నలుసులు అడుక్కి పోతాయి. పైన ఉన్న మడ్డినీళ్లని పాత పంచె గుడ్డలోంచి ఇంకో గిన్నెలోకి వంచండి. రాత్రంతా వదిలేస్తే మెత్తటి ఒండ్రు అడుగున పేరుకుంటుంది, పైన తేరిన నీళ్లు పారబోసి మళ్లీ మంచినీళ్లు పోయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే ఉప్పూ పోతుంది. చివరికి మిగిలినదాన్ని పళ్లెంలో పల్చగా పరిచి ఎండబెట్టి, పాత మూకుడులో కాసేపు వేయించండి. లేకపోతే మన తేమకి అందులో బూజు పుడుతుంది. అది పొడి చేసి మూత బిగుతుగా ఉన్న సీసాలో పోసుకుంటే, కొనుక్కునే పిగ్మెంటుకి (రంగు పొడికి) ఏమాత్రం తీసిపోదు. పొడి ఎగరేసేటప్పుడు మాత్రం మాస్కు ఉండాలి.

మందంగా బురద కావాల్సిన చోట ఈ పొడి ఒక్కటే వాడకండి. గోడలకి పూసే వాల్ పుట్టీని ఆధారంగా తీసుకోండి. నాలుగు వంతుల పుట్టీకి ఒక వంతు మట్టి పొడి, కొంచెం ఫెవికాల్, నీళ్లు, రంగు కోసం రా అంబర్ ఆక్రిలిక్. పుట్టీ బంకమట్టిలా ముడుచుకోదు, కాబట్టి అంత తేలిగ్గా రాలదు. ఒకేసారి దట్టించకుండా పల్చని పొరలుగా పెట్టండి, మొత్తం 3 మిల్లీమీటర్లు దాటక్కర్లేదు. అసలు సైజులో అది పది సెంటీమీటర్ల బురద. ఆరాక దాని మీద పొడి మట్టిని కుంచెతో రాల్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వదిలితే అక్కడే కూర్చుంటుంది. సర్జికల్ సామాన్లు అమ్మే షాపులో అడిగితే ఆల్కహాల్ దొరుకుతుంది. కింద ఉన్న ఆక్రిలిక్ మీద వార్నిష్ ఉంటేనే ఇది చెయ్యండి, ఆల్కహాల్ టామియా రంగుని కరిగించేస్తుంది.

ఎక్కడ పెట్టాలి? చక్రాల వెనక, ఫెండరు కింది వైపు, ముందు పలక కింది భాగం, స్ప్రాకెట్ చుట్టూ. చక్రంలో మధ్య బొడిపె చుట్టూ నిలుస్తుంది, రబ్బరు అంచు మీద నిలవదు, అది ట్రాకుకి రాసుకుంటుంది కదా. టి-55కి మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య దూరం ఎక్కువ. ఆ ఖాళీలోంచి పక్క పలక కనపడుతుంది, కాబట్టి అక్కడ బురద జిమ్మిన తీరు శ్రద్ధగా చెయ్యండి. పాత కుంచెని పల్చటి బురదలో ముంచి, ఎయిర్‌బ్రష్ గాలితో దాని మీద ఊదితే చుక్కలు చిమ్ముతాయి. ముందు ఒక అట్టముక్క మీద ఊది చూసుకోండి, మొదటి దెబ్బకి ఎప్పుడూ పెద్ద చుక్క పడుతుంది. తడి, పొడి తేడా రంగులోనూ మెరుపులోనూ చూపించాలి. ఆరిన ఒండ్రు లేత బూడిద గోధుమ, పూర్తిగా మ్యాట్. తడిది దాని కంటే రెండు మెట్లు ముదురు, ఉపరితలం సాటిన్ (సగం మెరుపు). నీళ్లు ఊరుతున్న చోట మాత్రమే ఎక్స్-22 చుక్క.

ఎప్పుడైనా పీటీ-76 చేస్తే ఈ లెక్క తిరగబడుతుంది. అది ఈదే బండి. వెనక వాటర్ జెట్‌లతో నీళ్లలో నడుస్తుంది, బరువు 14 టన్నులే. కాలువ దాటి గట్టెక్కిన పీటీ-76కి పక్క పలకల మీది దుమ్ము కడుక్కుపోయి, నీటి మట్టం దగ్గర అడ్డంగా ఒక మడ్డి గీత మిగలాలి, దాని పైన మాత్రమే పాత దుమ్ము. లాకుల దగ్గర కట్టేసిన పడవ పక్కన చూడండి, ఆ గీత కనపడుతుంది. నా మాట వింటే డెల్టాలో ఉండేవాడు టి-55 కంటే ముందు చెయ్యాల్సిన మోడల్ అది. ట్రంపెటర్ 1/35లో తెచ్చింది.

ట్యాంకు కింద చేను పెట్టాలనుకుంటే వరి దుబ్బులకి కొబ్బరి పీచు. కోనసీమలో దానికి కొదవేముంది. నాలుగైదు పోగులు కలిపి, 4 మిల్లీమీటర్ల ఎత్తు కత్తిరించి నాటండి. దుబ్బుకీ దుబ్బుకీ 5 మిల్లీమీటర్లు వదిలితే నిజం నాటు దూరానికి సరిపోతుంది. వరసలు మరీ తాడు పట్టినట్టు ఉండకూడదు, చేత్తో నాటిన చేను అది. ట్యాంకు వెళ్లిన దారిలో దుబ్బులు పడిపోయి, ట్రాక్ గుర్తుల్లో తడి తేలాలి.

ఇప్పుడు చేతిలో ఉన్న బండి సంగతి. ట్రాకులు వేరుగా వస్తే తీసేసి, మీద నలుపు గోధుమ కొట్టి మొదటినుంచి మొదలుపెట్టండి. నారింజ రంగు అడుగున ఉన్నా నష్టం లేదు. రాలుతున్న మట్టిని గోరువెచ్చని నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్‌తో వదిలించండి, ఫెవికాల్ నీళ్లకి నానుతుంది. రెండ్రోజులు ఆరనిచ్చి, ఎండ పూట గ్లాస్ కోటు. తెల్లపొర పోయిందో లేదో అప్పుడు తెలుస్తుంది. అంకెలు, గుర్తుల డెకాల్స్ (అతికించే పల్చటి బొమ్మలు) ఉంటే ఈ గ్లాస్ మీదే అతికించి, పైన ఇంకో పల్చని కోటు వెయ్యండి, లేకపోతే డెకాల్ కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. తర్వాత వాష్, మచ్చలు, చారలు, ఎగ్జాస్ట్. వాటి మీద మ్యాట్ కోటు, అది కూడా ఎండ పూటే. ఆపైన దుమ్ము, బురద. పెన్సిల్ మెరుపు, కుడి ఫెండరు మీది ఇంధనపు ట్యాంకుల మూతల దగ్గర నూనె మరకలు అన్నిటికంటే చివర, వాటి మీద ఏ వార్నిషూ పడకూడదు.

అయ్యాక ఫొటోలు పెట్టండి. పై నుంచి తీసినవి వద్దు. ఎడమ ఫెండరు ఎగ్జాస్ట్ వైపు ఒకటి, నేల మట్టానికి ఫోను పెట్టి మొదటి, రెండో చక్రాల సందులోకి ఒకటి, కిటికీ వెలుగులో తీసి పంపండి. తడి బురద ఎక్కువైందో లేదో వాటిల్లో తెలుస్తుంది.